పళ్లతో పట్టుకునే ముసుగు

లునార్దో తన రాగి రేకు పూర్తి చేసి ఎనిమిది రోజులైంది. గురువుగారు ఇంకా దాని మీద తన ముద్ర వేయలేదు.

బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు. వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి దాని మీద కప్పిన గుడ్డ ఎత్తి చూడటం, మళ్లీ కప్పేసి తన పని తాను చూసుకోవడం.

ఎనిమిది రోజులంటే మాటలా? ఆ ఎనిమిది రోజుల్లో దేవుడైతే లోకాన్ని సృష్టించి, ఒకరోజు పడుకుని, ఇంకోరోజు లేచి తప్పులు కూడా దిద్దుకునేవాడు.

పైగా లునార్దో ఆషామాషీ మనిషి కాదు. మూడు వందల ఏళ్ల నాటి ఆ కాలంలో వెనిస్ నగరంలో లక్షన్నర మంది జనం. ముసుగుల రోజులొచ్చాయంటే ఆ లక్షన్నరా మూడు లక్షలయ్యేది, మనిషికి రెండేసి ముఖాలు కదా మరి! ఆ మూడు లక్షల్లో లునార్దో కంటికి దొరకని ముఖం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒకసారి వంతెన మీద నిలబడి, పొగమంచులో, అరమైలు దూరాన, తల నుంచి కాళ్ల దాకా కప్పుకుని పోతున్న ఒక మహాతల్లిని కేవలం తుమ్మును బట్టి గుర్తుపట్టాడు. ఆవిడ పేరు చెప్పాడు, ఆవిడ మొగుడి పేరు చెప్పాడు, ఆవిడ చంకలో ఉన్న కుక్కపిల్ల పేరు కూడా చెప్పాడు.

ఆ ఊళ్లో ఏడాదికి సగం రోజులు ముసుగుల కాలమే. ఆ రోజుల్లో అందరూ ఒప్పుకుని నడుచుకునే మర్యాద ఒకటుండేది. ముసుగు వేసుకున్న మనిషిని ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు. కన్నతండ్రే ఎదురొచ్చినా "దండాలు, ముసుగు దొరగారూ" అనాలి. కట్టుకున్న భార్యే ఎదురొచ్చినా "దండాలు, ముసుగమ్మగారూ" అనాలి. తెలిసినా తెలియనట్టే.

లునార్దోకి ఆ మర్యాద అంటే చిరాకు. తెలిసినప్పుడు తెలియనట్టు ఉండటం ఏం విద్య?

అతని గురువు అంజొలో. సన్నగా, పుల్లలా ఉండేవాడు. రాగి రేకు మీద మైనం పూసి, ఆ మైనాన్ని సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీత పడ్డచోటల్లా రాగి కరిగి గుంట పడుతుంది. ఆ గుంటల్లో సిరా నింపి కాగితం మీద ఒత్తితే బొమ్మ. ఈ విద్యలో అంజొలోకి సాటి వచ్చేవాడు ఏడు సముద్రాల ఇవతలా లేడు, అవతలా లేడు. ఆయన ఒకసారి పిల్లిని గీస్తే, తడి ఆరకముందే ఆ వీధి ఎలుకలన్నీ మూటాముల్లే సర్దుకుని పక్క పేటకి కాపురం మార్చాయి. అలాంటి మనిషి దగ్గర పదకొండేళ్లు చేశాడు లునార్దో.

ఆ పదకొండేళ్ల పనితనమంతా ఈ ఒక్క రేకులో పోశాడు. మెనెగో కాఫీ కొట్టు, ముసుగుల కాలం, మధ్యాహ్నం వేళ. ముప్ఫైరెండు మంది మనుషులు. అందరికీ ముసుగులే. అయినా అందరూ ఎవరెవరో తెలిసిపోతారు! అదీ లునార్దో దెబ్బ. ఒకడి బొజ్జ, ఒకడి భుజం, ఒకావిడ మెడ తిప్పే తీరు. ముఖం కప్పుకున్నా ఒళ్లు కప్పుకోలేరుగా.

మచ్చుకి ఒక కాగితం ఒత్తి చూసుకుంటుండగా బొమ్మల వర్తకుడు గాస్పరో వచ్చాడు. వచ్చినవాడు బొమ్మ మీదకి వంగి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఓయ్! ఈ బొజ్జ ఉప్పు కొఠారు పెద్దాయనది కదూ?"

"అవునండీ."

"ఈ మెడ... ఆయన భార్యది. మరి ఆవిడ పక్కనున్నది ఆయన కాదే!"

"కాదండీ," అన్నాడు లునార్దో వినయంగా. ఆ వినయం కింద ఏనుగంత గర్వం పడుకుని ఉంది.

"అమ్మ లునార్దో! నీ చెయ్యి బంగారం కానూ! ఆదివారం నా దుకాణం కిటికీలో దీన్ని వేలాడదీస్తా. ఊరు ఊరంతా వచ్చి ఎవరెవరో వెతుక్కుంటుంది. గుమ్మడికాయల దొంగలందరూ ఒక్కసారే భుజాలు తడుముకుంటారు. సోమవారం పొద్దుటికల్లా నీ పేరు తెలియనివాడు వెనిస్‌లో ఉండడు. సరే గానీ, కిటికీ పక్క ఈ జంట ఎవరు? ముసలి రసికుడూ, వాడి చిలకానూ?"

లునార్దో నవ్వాడు. "ఆమె ఒర్సోలా అండీ, లేసు అల్లుతుంది. మా కింది గదే. పుట్టుమూగ. చిటికెన వేలు చూడండి, ముప్ఫై ఏళ్ల అల్లికకి కొక్కెంలా వంగిపోయింది. దాన్నిబట్టే పట్టాను. వాడేమో ఎముకల పడవ తోనిన్. ఆ అరచేతిలో కాయలు చూశారా, తెడ్డువి!"

"ఛీ ఛీ! ఎముకలవాడు కాఫీ తాగుతాడా!"

చర్చిల కింద గోతులు నిండిపోయినప్పుడు పాత ఎముకలను గోతాల్లో కట్టి, దూరంగా ఉన్న ఒక దీవికి చేరవేసేవాడు తోనిన్. అతని పడవ వస్తుంటే జనం కిటికీ తలుపులు మూసుకునేవారు. రొట్టెలమ్మే మనిషి కూడా అతని చేతికి తగలకుండా రొట్టెని బల్ల మీద పెట్టి జరిగేవాడు.

గాస్పరో పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూగదానితో ఎముకలవాడి సరసం! అబ్బ, అబ్బ! బొమ్మ కింద ఈ మాటే రాయవయ్యా!"

అవతలి బల్ల దగ్గర గురువుగారి సూది ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

ఆ సాయంత్రం లునార్దో తన గదిలో ఒక్కడూ కూర్చుని చిక్కుడు గింజల పులుసులో రొట్టె ముంచుకుని తింటూ, గాస్పరో మాటని మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు. నీ పేరు తెలియనివాడు ఉండడు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాడు. అందరికీ అతను "పైగది ఆయన". అంతే. రోజూ ముసుగు వేసుకుని కాఫీ కొట్టుకి పోయేవాడు, మూల నిలబడి బొమ్మలు గీసుకుని వచ్చేవాడు. అందరూ అతనికి తెలుసు. అతను ఎవరికీ తెలియదు.

అందుకే శుక్రవారం మధ్యాహ్నానికి ఇక ఆగలేకపోయాడు.

"గురువుగారూ, రేపు అచ్చు వేయాలి. లోపముంటే చెప్పండి, లేదంటే ముద్ర వేయండి. మీరిలా గుడ్డ ఎత్తడం, గుడ్డ దించడం చేస్తుంటే నా ప్రాణం పోతోంది."

గురువుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కిటికీ పక్క సరిగ్గా చూడలేదురా నువ్వు."

"నేనా! చూడలేదా! ఆవిడ చిటికెన వేలి మీద ఎన్ని ముడతలున్నాయో చెప్పమంటారా?"

గురువుగారు లేచి లోపలికెళ్లారు. పెట్టె మూత చప్పుడైంది. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతుల మీద ఒక నల్ల పావడా, ఒక శాలువా, ఒక జత చేతి తొడుగులు, వాటి మీద ఒక గుండ్రటి నల్ల మఖ్మల్ ముసుగు ఉన్నాయి.

"మెనెగో కొట్టు ముందు నుంచి వస్తూ చూస్తున్నా, కిటికీ పక్క ఆవిడ చోటు మూడు రోజులుగా ఖాళీగా ఉంది. పోయి కూర్చో. దీపాలు పెట్టే వేళకి వచ్చెయ్."

"ఆడవేషమా గురువుగారూ!"

"ఊళ్లో కసాయివాళ్లే వేస్తున్నారు. నీకేం పోయింది?"

"నాకు పట్టదండీ ఇది."

"మా ఆవిడది. భేషుగ్గా పడుతుంది. అది నడిచొస్తుంటే వంతెనలు పక్కకి జరిగేవి."

పట్టింది. కాస్త వదులు కూడా అయింది. గడ్డం శాలువాలో దాగిపోయింది.

ఆడవాళ్ల ఆ ముసుగుకి తాళ్లు ఉండవు. లోపలి వైపు, నోటికి ఎదురుగా, ఒక బొత్తాం ఉంటుంది. ఆ బొత్తాన్ని పళ్ల మధ్య పట్టుకుంటేనే ముసుగు నిలబడుతుంది. నోరు తెరిస్తే ఊడి కింద పడుతుంది. లునార్దో ఆ ముసుగులు వంద గీశాడు. నోట్లో పెట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి.

"రండి రండి ముసుగమ్మగారూ! ఎన్నాళ్లకెన్నాళ్లకి!" అని మెనెగో ఎదురొచ్చాడు. కిటికీ పక్క బల్ల తుడిచాడు. కాఫీ తెచ్చి పెట్టాడు.

ఒక పెద్దమనిషి దారి ఇచ్చి తల వంచి మరీ పోయాడు. ఆ ఊళ్లో లునార్దోకి ఎవరైనా తల వంచడం అదే మొదలు.

కాఫీ ఘుమఘుమలాడుతోంది. తాగడానికి లేదు. పావుగంటకి దవడ పట్టేసింది. బొత్తాం చుట్టూ ఉమ్మి ఊరుతోంది, మింగాలంటే గగనమవుతోంది. ఆవిడ ఇలా రోజూ, మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా కూర్చునేది. ఇరవై సార్లు గీశాడు ఆవిడ్ని. ఆ మఖ్మల్ వెనక దవడ నొప్పి పెడుతుందని ఒక్కసారీ తట్టలేదు.

కొట్టులో ఇంకో నలుగురు ఆడవాళ్లు అదే ముసుగులో ఉన్నారు. నలుగురూ తల ఊపుతున్నారు, చేతులు తిప్పుతున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. వాళ్లలో మాట వచ్చేవాళ్లెవరో, మాట రానివాళ్లెవరో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

ఆవిడ రోజూ ఇక్కడికే ఎందుకు వస్తుందో లునార్దోకి అప్పుడు తట్టింది.

అంతలో తోనిన్ వచ్చాడు. మగవాళ్ల తెల్ల ముసుగు, కింది భాగం ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని తీయకుండానే తాగొచ్చు, తినొచ్చు. దాని వెనక మాట బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

"వచ్చారా," అన్నాడు తోనిన్. అని, కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు.

ఇక మొదలుపెట్టాడు. రసికుడి మాటలేవో వినబోతున్నానని లునార్దో చెవులు రిక్కించాడు.

"నిన్న మంచి ఉల్లిపాయలు దొరికాయండీ. పులుసు పెట్టుకున్నాను. ఉప్పెక్కువైంది. ఒక్కడికి వండుకుంటే ఉప్పు ఎప్పుడూ కుదరదు చూడండి. ఇద్దరికైతే ఎంత వేయాలో మా అమ్మ చేతిని చూసి నేర్చుకున్నాను. దాంట్లో సగం ఎంతో మాత్రం ఇప్పటికీ తెలియదు. పొయ్యి కూడా పొగ పెడుతోంది. గొట్టంలో పక్షి గూడు పెట్టిందేమో. తీసేద్దామా అనుకున్నాను, మళ్లీ ఎందుకులే, అదీ ఒక చప్పుడే కదా ఇంట్లో అని..."

ఇవీ ఆ సరసాలు.

తోనిన్ చూపు బల్ల మీదున్న చేతి తొడుగుల దగ్గర ఆగింది. లునార్దో వేళ్లు. పొడుగ్గా, తిన్నగా. అతని మాటా అక్కడే ఆగింది.

మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు బాగా తగ్గించాడు.

"మీరు ఆవిడ కారు."

లునార్దో చేతులు బల్ల కిందకి లాక్కున్నాడు.

"ఎవరని అడగనండీ. అది మర్యాద కాదు. కానీ ఆవిడ చోటులో కూర్చున్నారంటే ఆవిడే పంపి ఉంటుందనుకుంటాను. ఒక్క సంగతి చెప్పండి. నోరు విప్పక్కర్లేదు. బతికే ఉందా? తల ఊపితే చాలు."

లునార్దో తల కదల్లేదు.

అరమైలు దూరం నుంచి తుమ్మును బట్టి కుక్కపిల్ల పేరు చెప్పిన మనిషి! ఆవిడ ఉండేది అతని కాళ్ల కింద, నాలుగు చెక్కపలకల అవతల. మంగళవారం కింద నుంచి దగ్గు వినిపించింది. చిరాకుపడి చెవుల్లో గుడ్డ పెట్టుకున్నాడు. బుధవారం దగ్గు వినిపించలేదు. హమ్మయ్య అనుకున్నాడు. నిన్నా లేదు. ఇవాళా లేదు.

ఆవిడ ఉందో లేదో అతనికి తెలియదు.

తోనిన్ చేతులు రెండూ బల్ల అంచుని పట్టుకున్నాయి.

"నేనే పోయి చూసేవాణ్ణి. ఇల్లెక్కడో తెలుసు. ముసుగు తీసినా ఆవిడ మాట్లాడదని కూడా తెలుసు, మొదటి నెలలోనే తెలిసింది. నాకు తెలుసని ఆవిడకి తెలియకూడదు. తెలిస్తే ఇక రాదు. పోనీ అదీ పోనిద్దామనుకున్నా, నేను ఆ సందులోకి ఎలా పోను? నేను పట్టపగలు ఒక గుమ్మం ముందు నిలబడితే ఆ ఇంటివాళ్లు ఏమనుకుంటారో మీకు తెలియదండీ. మూడు రోజులుగా ఇక్కడే కూర్చుని ఆవిడకీ ఒక కాఫీ చెప్తున్నాను. చల్లారాక నేనే తాగుతున్నాను."

లునార్దో లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

ఆ పరుగు మాత్రం చూసి తీరాలి! పావడా ఎగగట్టి, ముసుగు చేత్తో పట్టుకుని, ఏడు వంతెనలు ఏడు అంగల్లో దాటాడు. కాలవల్లో పడవలవాళ్లు తెడ్లు ఎత్తి అలాగే నిలబడిపోయారు. ఆ గాలికి ఆరేసిన బట్టలు ఒక వీధివి ఇంకో వీధిలో పడ్డాయి. ఒక పాదిరీ అయితే సిలువ గుర్తు వేసుకుని గోడకి కరుచుకుపోయాడు.

ఆ తలుపు ముందు మాత్రం కాళ్లు ఆగిపోయాయి.

తలుపు తట్టాడు. "ఒర్సోలమ్మా!"

బదులు లేదు. మళ్లీ తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. "ఒర్సోలమ్మా, పలకండి!"

పలకమంటే ఆవిడ ఎలా పలుకుతుంది? తన బుద్ధికి తనే సిగ్గుపడి తలుపు తోశాడు.

పొయ్యి చల్లబడి ఉంది. నీళ్ల కూజా ఒట్టిది. మంచం మీద దుప్పటి కింద ఒక చిన్న ఆకారం. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ కళ్లు తలుపు దగ్గరికి తిరిగాయి. గడ్డం పెరిగిన మగాడు, నల్ల పావడా, శాలువా, ఒగరుస్తూ.

దుప్పటి గడగడా వణకడం మొదలైంది. చలిజ్వరమనుకుని లునార్దో పరుగున దగ్గరికి వెళ్లాడు. జ్వరం ఉన్నమాట నిజమే. కానీ ఆ వణుకు జ్వరానిది కాదు. ఆవిడ నవ్వుతోంది. చప్పుడు లేకుండా, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వుతోంది.

అంతలో ఆవిడ చూపు అతని చేతిలోని నల్ల ముసుగు మీద పడింది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి మెల్లగా తలగడ పక్కకి పోయింది. అక్కడ అలాంటి ముసుగే ఇంకొకటి ఉంది. దాన్ని దుప్పటి కిందకి లాక్కుంది. లాక్కుంటూ అతని ముఖమే చూస్తోంది. కొక్కెంలా వంగిన చిటికెన వేలు దుప్పటి అంచు మీద తేలి ఉంది.

లునార్దో పొయ్యి వైపు తిరిగాడు.

"మా పనివాళ్లు పందెం కట్టారమ్మా, ఆడవేషంతో ఊరంతా తిరిగి రమ్మని. దగ్గు వినబడటం లేదే అని ఇలా వచ్చాను. పుల్లలు ఎక్కడ ఉంటాయి?"

వెనక దుప్పటి సర్దుకున్న చప్పుడైంది.

పొయ్యి రాజేశాడు. నీళ్లు తెచ్చాడు. పైనుంచి తన చిక్కుడు గింజల పులుసు తెచ్చి వెచ్చబెట్టి, గిన్నె చేతికిచ్చాడు. తాగినంత తాగింది. తర్వాత అతని వైపు వేలు చూపి, కనుబొమలు ఎగరేసింది. ఎవరు నువ్వు?

"పైన ఉంటానమ్మా. లునార్దో."

ఆవిడ పెదవులు కదిలాయి. మూడు సార్లు, మూడు అక్షరాలకీ. చప్పుడు రాలేదు.

ఆరేళ్లలో ఆ ఇంట్లో అతని పేరు పలికినవాళ్లు ఎవరూ లేరు. పలకలేని మనిషి పలికింది.

అతను కాఫీ కొట్టుకి తిరిగొచ్చేసరికి మెనెగో ఇంకా దీపాలు పెట్టలేదు. కిటికీ పక్క తోనిన్ అలాగే కూర్చుని ఉన్నాడు. కింద పడ్డ కుర్చీని ఎత్తి మళ్లీ యథాస్థానంలో పెట్టాడు. రెండు కప్పులూ నిండుగానే ఉన్నాయి.

లునార్దో గుమ్మం బయటే బొత్తాన్ని పళ్ల మధ్య బిగించుకున్నాడు. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తల ఊపాడు. సరిపోలేదేమోనని ఇంకోసారి ఊపాడు.

తోనిన్ తన కప్పు అందుకుని తాగాడు. ఆవిడ కప్పు అందుకుని అదీ తాగాడు. తెల్ల ముసుగు కింది అంచు కప్పుకి తగిలి టకటకమని కొట్టుకుంది. చాలాసేపు కొట్టుకుంది.

తర్వాత లేచి, టోపీ తీసి, ఒక రాణీగారి ముందు వంగినట్టు వంగాడు.

"సెలవు, ముసుగమ్మగారూ."

లునార్దో పనిశాలకి వచ్చాడు. గురువుగారు తల ఎత్తి చూడలేదు. ఏం చూశావని అడగలేదు. పావడా మడత పెట్టి ఇస్తే, తీసుకెళ్లి పెట్టెలో పెట్టుకున్నారు.

మర్నాడు శనివారం. లునార్దో పొద్దున్నే రేకు మీద గుడ్డ తీశాడు. రాగిని రుద్ది గీతలు చెరిపే నున్నటి ఉక్కు పనిముట్టు ఒకటి ఉంటుంది. దాన్ని నూనెలో ముంచి, ముందు ఆ చిటికెన వేలు మీద పెట్టాడు.

పదకొండేళ్లలో అంత బాగా గీసిన వేలు ఇంకొకటి లేదు. రుద్దాడు. ముడతలు పోయాయి. వంపు పోయింది. ఎవరిదైనా కావచ్చు ఇప్పుడది. తర్వాత తోనిన్ అరచేతిలో కాయలు. తర్వాత ఉప్పు కొఠారు పెద్దాయన బొజ్జ, ఆయన భార్య మెడ. ఒక్కొక్కరే. గీయడానికి నాలుగు నెలలు పట్టింది, చెరపడానికి ఒక్క రోజు. భుజం పట్టేసింది, గోళ్లలో నూనె దిగింది. గురువుగారు తన పని మానేసి వచ్చి, పక్కన కూర్చుని, అద్దంతో కిటికీ వెలుతురుని అతని చేతి మీదకి మళ్లించి పట్టుకున్నారు. భోజనానికి కూడా ఇద్దరూ లేవలేదు.

సాయంత్రం గాస్పరో వచ్చాడు. కొత్తగా ఒత్తిన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఎవరయ్యా వీళ్లంతా?"

"ముసుగులండీ."

"ఉప్పు కొఠారాయనేడీ? ఆ మూగదేదీ? ఎముకలవాడేడీ?"

"తెలియదండీ."

"నీకు తెలియకపోవడమేమిటయ్యా! నువ్వేగా నాకు చెప్పింది!"

"ముసుగులో ఉన్నారు కదండీ," అన్నాడు లునార్దో.

గాస్పరో కాగితాన్ని బల్ల మీదకి విసిరేశాడు. "ఇలాంటివి నా దుకాణంలో పొట్లాలు కట్టుకోవడానికి పడున్నాయి. నీ పేరు ఊరంతా మోగాల్సింది. చేజేతులా పూడ్చుకున్నావు, ఏడువు!" తలుపు దబ్బున వేసి పోయాడు.

ఇద్దరే మిగిలారు. బయట కాలవలో ఏదో పడవ పోతున్న చప్పుడు.

లునార్దో ఆ కాగితం వైపు చూశాడు. చెరిపినచోటల్లా కాస్త తెల్లగా, కాస్త మెత్తగా వచ్చింది. ముప్ఫైరెండు మందీ ఉన్నారు. ఎవరో తెలియదు. కప్పులు ఉన్నాయి, చేతులు ఉన్నాయి, ఒకరి వైపు ఒకరు వంగిన తలలు ఉన్నాయి. కిటికీ పక్క ఒకామె వింటోంది. ఒకాయన చెబుతున్నాడు.

గురువుగారు సొరుగులోంచి తన ముద్ర తీశారు. రేకు అంచున పెట్టబోయి ఆగారు. ముద్రని పక్కన పెట్టి, సూదిని అందుకుని లునార్దో చేతికిచ్చారు. కిటికీ పక్క బల్ల దగ్గర, ఆ ఇద్దరికీ కొంచెం ఎడంగా, ఖాళీగా ఉన్న చోటులో వేలు పెట్టి చూపారు.

"ఇక్కడొక కుర్చీ."

లునార్దో ఆ చోటుని చూశాడు. తను రోజూ నిలబడి గీసుకునే మూల అక్కడికి ఎంత దూరమో తట్టింది.

"ఎవరి కోసం గురువుగారూ?"

"ముందు కుర్చీ వెయ్యి," అన్నారు గురువుగారు.